అనుమానానికి ఒక చెంబు నీళ్ళు

కోవిల్‌పట్టి ఎందుకెళ్ళావని అడిగినవాళ్ళందరికీ జవాబు చెప్పలేక నా నోరు పడిపోయింది. గుడికా అంటే కాదు. బంధువులా అంటే కాదు. వైద్యానికా అంటే అసలే కాదు, రాయిలా ఉన్నాను. ఇంగ్లీషువాళ్ళు తమ అనుమానాన్ని ఏయే మాటల్లో చెబుతారో ఒకావిడకి నేర్పడానికి వెళ్ళానంటే మా పక్కింటి శేషారత్నం బుగ్గలు నొక్కుకుంది. దానికి అరవదేశం దాకా పోవాలా అంది. పోవాల్సి వచ్చింది మరి. తీరా పోయాక అక్కడ నేను నేర్పింది గోరంత.

తెనాలిలో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నోరు ఊరుకోదు కదా, ఇప్పుడు ఫోన్లో పది నిమిషాల పాఠాలు తెలుగులో చెప్పి అందరికీ పంపుతుంటాను. ఒకరోజు ఎక్కడో కోవిల్‌పట్టి నుంచి ఒక గొంతు వచ్చింది. పేరు రెంగనాయకి. వాళ్ళింట్లో తరాలుగా తెలుగే మాట్లాడతారట. "టీచరమ్మా, నాకు తెలుగు సదివేది రాదు, ఇనేది వస్తాది" అని మొదలుపెట్టి, అరవ యాసలో, మా అమ్మమ్మ కాలం నాటి మాటల్తో తన సంగతి చెప్పుకొచ్చింది.

ఆమెకి ముప్పై తొమ్మిదేళ్ళు. డిగ్రీ చదివింది. పద్నాలుగేళ్ళుగా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో సరుకు పరీక్షించే పని చేస్తోంది. లైటర్లు వచ్చాక ఆ పని వారానికి మూడు రోజులకి పడిపోయింది. పోయినేడు విరుదునగర్‌లో మిరపకాయలు విదేశాలకి పంపే ఒక కంపెనీ ఆమెని ఇంటర్వ్యూకి పిలిచింది. ముందు మూడు పళ్ళేల్లో కాయలు పెట్టారు. ఒక పళ్ళెంలోవి చెమ్మగా ఉన్నాయని ముట్టుకోగానే తెలిసిందట. కానీ ఎదురుగా కూర్చున్న మేనేజరు అన్నీ బాగున్నాయన్నాడు. "ఆర్ యూ ష్యూర్?" అని అడిగితే మూడింటికీ "ఎస్ సార్, ష్యూర్ సార్" అని వచ్చేసింది. ఉద్యోగం పోయింది. ఈసారి మళ్ళీ పిలిచారు. మూడోసారి పిలవరని ఆమెకి తెలుసు.

"సందేగం ఉంటే అది ఇంగ్లీసులో మరియాదగా ఎట్ల సెప్పేది టీచరమ్మా?" అని అడిగింది.

నేను పన్నెండు పలుకుబళ్ళతో ఒక పాఠం చేసి పంపాను. అయినా మనసు ఒప్పలేదు. పెట్టె సర్దుకుని బయల్దేరాను. మావారు మాత్రం, నీ పాఠం మీద నీకే నమ్మకం లేదన్నమాట అన్నారు.

కోవిల్‌పట్టి: అగ్గిపుల్లలూ పల్లీపాకమూ

స్టేషన్ బయట ఆటో అతనితో నేను ఇంగ్లీషూ తెలుగూ కలిపి పోట్లాడుతుంటే వెనక నుంచి ఎవరో చెయ్యి పట్టుకున్నారు. రెంగనాయకి. నా మొహం ఎన్నడూ చూడలేదు, ఫోటో కూడా పంపలేదు. గొంతుని బట్టి పట్టేసిందట. సన్నగా, పొడుగ్గా ఉంది. జడలో కనకాంబరాలు, చేతిలో గుడ్డసంచి. ఆటో అతనితో అరవంలో రెండు ముక్కలు మాట్లాడేసరికి అతను నలభై రూపాయలు తగ్గాడు.

ఆ ఊరికి పేరు తెచ్చింది వేరుశెనగ మిఠాయి. మన పల్లీ అచ్చులాంటిదే గానీ, మనం పలుకుల్ని పాకంలో ముంచుతాం, వాళ్ళు పలుకుల్ని పాకంతో అతికిస్తారు. బెల్లం తక్కువ, పల్లీ ఎక్కువ. కొట్టాయన రెంగనాయకితో గట్టిగా అరవంలో మాట్లాడుతున్నవాడు, నేను నోరు విప్పగానే గొంతు తగ్గించి, "మనవాల్లా?" అన్నాడు. అవునన్నాను. పొట్లంలో ఇంకో రెండు ముక్కలు పడ్డాయి. ఆ ఊళ్ళో తెలుగు ఇంట్లో కట్టుకునే చీర. బయటికి కట్టుకెళ్ళరు, అలాగని పారెయ్యరు.

ఆ సాయంత్రం ఆమె రెండు గదుల ఇంట్లో కూర్చుని పాఠం మొదలుపెట్టాం. ఆమె భర్తకి తిరుప్పూరులో పని, నెలకోసారి వస్తాడు. గోడకి ఆనించి అగ్గిపెట్టెల అట్టలు పేర్చి ఉన్నాయి. నేను ఒక్కో పలుకుబడి చెప్పడం, ఆమె అప్పజెప్పడం. ఐ హ్యావ్ మై డౌట్స్, అంటే నాకు అనుమానాలున్నాయి. దట్ రిమైన్స్ టు బి సీన్, అంటే అది ఇంకా చూడాల్సి ఉంది. ఐ విల్ బిలీవ్ ఇట్ వెన్ ఐ సీ ఇట్, అంటే కళ్ళారా చూస్తే నమ్ముతా. ఉచ్చారణ చక్కగా ఉంది. చిలకలా పలికింది. కానీ ఊరికే పలికే మనిషి కాదు.

"ఐ యామ్ అఫ్రైడ్ అంటే బయం కదా, ఎవరికి బయం?" అని అడిగింది.

ముప్పై ఏళ్ళలో ఒక్క పిల్లా ఆ ప్రశ్న అడగలేదు. ఎవరికీ భయం లేదని చెప్పాను. ఇంగ్లీషువాడు ఎదుటివాడి మాట తప్పని చెప్పాలంటే ముందు తప్పు తన మీద వేసుకుంటాడు. నాకు భయంగా ఉంది అంటాడు. నేనంత ఖాయంగా చెప్పలేను అంటాడు. నా పొరపాటేమో అంటాడు. వాకిట్లో చెప్పులు విప్పినట్టు, లోపలికి రాకముందే తన గొప్పని బయట వదులుతాడు. మనకీ ఉన్నాయి అలాంటివి. "ఏమోనండీ", "చూద్దాంలెండి", "మీరన్నాక కాదంటామా". ఈ చివరిది విన్నవాడికి ఒళ్ళు మండుతుంది, అది వేరే సంగతి.

రెంగనాయకి అంతా విని తలూపింది. మళ్ళీ నెమ్మదిగా, అట్టలవైపు చూస్తూ, మాటలు వస్తాయి గానీ పెద్దమనిషి ముందు అవి గొంతు దాటవు అంది. అదేం లేదు, నా పాఠం విన్నావుగా, ధైర్యంగా వెళ్ళు అన్నాను. ఇంటర్వ్యూ ఇంకా రెండు రోజులుంది. మర్నాడు సెలవు గనక అత్తగారి ఊరు చూపిస్తానంది.

నాగలాపురం: నల్లరేగడిలో మూడు చెంబులు

బస్సు కిటికీలోంచి చూస్తే నేల కాటుక. వాన పడితేనే పంట. మిరప, ధనియాలు, సజ్జ, మధ్యమధ్య సర్కారుతుమ్మ. కాలువ అనేది మచ్చుకైనా లేదు. డెల్టాలో పుట్టినదాన్ని, నీళ్ళు లేని పొలం చూస్తే నాకు తలుపు లేని ఇల్లు చూసినట్టుంటుంది.

రెంగనాయకి అత్తగారి పేరు కొండమ్మాళ్. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. చెవులకి బరువైన బంగారు తమ్మెట్లు, నోట్లో వక్క. నన్ను చూడగానే "రాండి, కూకోండి" అని అరుగు మీద చాప పరిచింది. సజ్జ సంగటి, చల్లమిరపకాయలు, పచ్చి ఉల్లిపాయ పెట్టింది. ఆ సంగటి రుచి ఇప్పటికీ నాలిక మీద ఉంది. తిని, తృప్తిపడి, నా అలవాటు కొద్దీ మాటల్లో పడ్డాను.

మా ఊళ్ళో కాలువ ఏడాది పొడుగునా పారుతూనే ఉంటుందని చెప్పాను. పెద్దావిడ లేచి ఒక చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. ఎంత మర్యాద అనుకుని తాగాను. చల్లమిరపకాయ కొరుకుతూ, గుంటూరు పక్కవాళ్ళం, కారం మాకు లెక్కే కాదన్నాను. మళ్ళీ చెంబు వచ్చింది. అప్పటికి కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి గనక అది సమయానికే వచ్చిందనిపించింది. నా పాఠాలు మూడు నెలలు వింటే ఎవరికైనా సరే ఇంగ్లీషు వచ్చేస్తుందన్నాను. మూడో చెంబు.

మధ్యలో ఆవిడ ఇంగ్లీషు మాటల గురించి ఆరా తీసింది. ఉప్పు సామెత చెప్పాను. ఇంగ్లీషువాళ్ళు నమ్మలేని మాటని చిటికెడు ఉప్పుతో పుచ్చుకోమంటారని. ఆవిడ చాలాసేపు నవ్వి, "ఉప్పు ఏస్తే అబద్దం రుసి అవుతాది, నిజం అవుతాదా?" అంది.

తిరుగు ప్రయాణంలో అసలు కష్టం మొదలైంది. మూడు చెంబుల నీళ్ళు, గతుకుల రోడ్డు, ఎక్కడా ఆగని బస్సు. నా అవస్థ పగవాళ్ళకి కూడా వద్దు. చివరికి రెంగనాయకి కండక్టరుని బతిమాలి పుదూరులో ఆపించింది. బస్సంతా నాకోసం కాచుకుంది. తలొంచుకుని వచ్చి కూర్చున్నాక, మీ అత్తగారి మర్యాద నా ప్రాణాల మీదికి తెచ్చిందమ్మా అన్నాను.

రెంగనాయకి నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అది మరియాద కాదు టీచరమ్మా. అత్త మీ మాట నమ్మలా. మూడు మాట్లు నమ్మలా."

అప్పుడు చెప్పింది. వాళ్ళింట్లో ఎదురుగా అబద్ధం అనే మాట ఎవరినీ అనరు. పిల్లవాణ్ణి కూడా అనరు. చెప్పిన మాట మీద అనుమానమొస్తే చెంబుతో నీళ్ళిస్తారు, అంతే. మనిషి నీళ్ళు తాగేలోపు ఆలోచించుకుంటాడు. తాగాక మళ్ళీ అదే మాట చెబితే ఇక నమ్ముతారు. మార్చుకుంటే ఎందుకు మార్చావని అడగరు. సంబంధాల దగ్గర, గొడ్ల బేరం దగ్గర, దాయాదుల తగాదాల్లో, ఆ ఇంట్లో అన్నిటికీ అదే పద్ధతి. ఊళ్ళో మిగతా ఇళ్ళలో ఉందో లేదో తనకి తెలియదంది.

నేను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. మా కాలువ ఎండాకాలంలో కట్టేస్తారు. అప్పుడు అడుగున పిల్లలు క్రికెట్ ఆడతారు. ఆ సంగతి పుట్టినప్పట్నుంచీ నాకు తెలుసు. మూడు చెంబులు తాగి కూడా ఒక్క మాటా మార్చుకోని ఘటాన్ని ఆ ఇంట్లో నేనే అయ్యుంటాను.

విరుదునగర్: అద్దానికి ఇవతల

విరుదునగర్ అంటే పప్పులూ నూనెలూ మిరపకాయల ఊరు. బజారులోకి అడుగుపెట్టగానే నాకు ఏడు తుమ్ములు వచ్చాయి. కంపెనీ ఆఫీసు ఊరి చివర. వెంట వచ్చినవాళ్ళని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. మధ్యలో పెద్ద అద్దం, లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది గానీ వినిపించదు.

రెంగనాయకి నీలం చీర కట్టుకుంది. ఎదురుగా మేనేజరు, పక్కన ఒక తెర, తెర మీద లండన్ నుంచి సరుకు కొనే ఒక తెల్లావిడ. బల్ల మీద మళ్ళీ మూడు పళ్ళేలు. బెంచీ మీద కూర్చుని పన్నెండు పలుకుబళ్ళూ నేనే జపం చేశాను.

మొదటి పళ్ళెం అయింది. రెండోది అయింది. మూడో పళ్ళెం దగ్గర మేనేజరు చేతిలో కాగితం ఒకటి చూపిస్తూ ఏదో చెప్పాడు. రెంగనాయకి ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. ఇంకోటి ఊపింది. తర్వాత ఆమె పెదాలు కదిలాయి గానీ మాట వచ్చినట్టు లేదు. తెర మీది ఆవిడ ఏదో అడిగింది. రెంగనాయకి తల దించుకుంది. అయిపోయిందిరా భగవంతుడా అనుకున్నాను.

అప్పుడు ఆమె తనకోసం పెట్టిన గ్లాసు తీసి, రెండు చేతులతో నెమ్మదిగా బల్ల మీద జరుపుతూ, మేనేజరు ముందు పెట్టింది.

నేను నుదురు కొట్టుకున్నాను.

ఏం జరిగిందో గంట తర్వాత పరోటా కొట్లో గానీ తెలియలేదు. విరుదునగర్ పరోటాని నూనెలో వేయిస్తారు. అప్పడంలా కరకరలాడుతుంది, పైన పల్చని కూర పోసి ముంచేస్తారు. నేను రెండు తిన్నాను, బిల్లు మా ఊరి టిఫిను కంటే తక్కువైంది. ఆమె మాత్రం ముట్టుకోలేదు. తునకలు చేస్తూ చెప్పింది.

మొదటి రెండు పళ్ళేలకీ నా పలుకుబళ్ళు చక్కగా వచ్చాయట. మూడో పళ్ళెం పరీక్ష పూర్తయిందనీ పూర్తిగా ఎండిన సరుకనీ కాగితంలో ఉంది, మేనేజరు కూడా అదే అన్నాడు. గుండుమిరపకాయ నిజంగా ఎండితే ఊపినప్పుడు లోపల గింజలు గలగలమంటాయి. ఇవి అనలేదు. తెల్లావిడ ఆర్ యూ ష్యూర్ అంది. పోయినేటి గది, పోయినేటి మాట. నోట్లో తడి ఆరిపోయింది. పన్నెండింటిలో ఒక్కటీ రాలేదు. గ్లాసు కనిపించింది. చెయ్యి దానంతటదే జరిపిందట.

తెల్లావిడ అదేమిటని అడిగింది. అప్పుడు మాట వచ్చింది. మా ఇంట్లో ఎవరి మాటైనా నమ్మలేకపోతే నీళ్ళిస్తాం, ఆయన తాగి మళ్ళీ చెబితే నమ్ముతాను, అని తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది.

"సారు ఏమి సేసినాడు?" అని నేను కూడా వాళ్ళ భాషలోనే అడిగేశాను.

తాగలేదట. గ్లాసు వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు. ఒక కాయ తీసి తన చెవి దగ్గర ఊపుకున్నాడు. ఇంకోటి ఊపాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తెల్లావిడ నవ్విందో లేదో రెంగనాయకికి గుర్తులేదు. చివరన మాత్రం ఒక మాట అందట.

"వి విల్ లెట్ యూ నో అనింది టీచరమ్మా. అది మీ పన్నెండులో లేదే. అది సందేగమా, కాదా?"

మేము కబురు చేస్తాం అని ఆ మాటకి పైకి అర్థం. ముప్పై ఏళ్ళలో ఆ మాట విని ఇంటికొచ్చిన మా శిష్యుల్లో ఎంతమందికి కబురొచ్చిందో నాకు తెలుసు. తిను, చల్లారిపోతోంది అన్నాను.

మళ్ళీ కోవిల్‌పట్టి: ప్లాట్‌ఫారం మీద

మర్నాడు నన్ను సాగనంపడానికి కొండమ్మాళ్ కూడా తొలి బస్సుకి ఊరినుంచి వచ్చింది. ఒక చేతిలో ఎండుమిరపకాయల సంచి, ఇంకో చేతిలో ఇత్తడి మరచెంబు. మన ఇళ్ళలో మరచెంబులు అటకెక్కి ఎన్నాళ్ళయిందో! ముగ్గురం సిమెంటు బెంచీ మీద కూర్చుని తాటిబెల్లం వేసిన పత్తిగింజల పాలు తాగాం. మొదటి గుక్కకి మొహం చిట్లించి రెండో గ్లాసు అడిగాను.

రెంగనాయకి రాత్రి నిద్రపోయినట్టు లేదు. రైలు వస్తోందని చెప్పారు. ఆమె మళ్ళీ అదే అడిగింది, ఆ మాటకి అర్థమేమిటని. నాకు జాలేసింది. పద్నాలుగేళ్ళు ఇతరుల పుల్లలు వెలుగుతాయో లేదో చూసిన మనిషి. "తప్పకుండా వస్తుందమ్మా ఉద్యోగం. నూటికి నూరుపాళ్ళు" అన్నాను.

పెద్దావిడ మరచెంబు మూత తిప్పి నా చేతిలో పెట్టింది.

సిగ్గేసింది. ఈ వయసులో, అంతమంది ముందు, చెవులు వేడెక్కాయి. నెమ్మదిగా తాగాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి, కాస్త ఉప్పదనం ఉంది. రెంగనాయకి బస్సులో చెప్పిన ఆ ఆలోచన సరిగ్గా ఆ నీళ్ళతోపాటే గొంతు దిగింది. చెంబు దించి, నాకు తెలియదమ్మా అన్నాను. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటని చాలాసార్లు ఉద్యోగం లేదని చెప్పడానికే వాడతారు, కొన్నిసార్లు నిజంగానే కబురు చేస్తారు, నీది ఏదో నాకు తెలియదు అన్నాను.

రెంగనాయకి కళ్ళు తుడుచుకుంది. నేను భయపడినట్టు కుంగిపోలేదు. "ఇట్ల సెప్పినారే, ఇప్పుడు మనసు నిలిసింది" అంది. కొండమ్మాళ్ చెంబుకి మూత బిగించి, మిరపకాయల సంచితోపాటు దాన్ని కూడా నా ఒళ్ళో పెట్టేసింది. వద్దంటే వినలేదు. మీకు అక్కరకొస్తాదిలే అంది. ఎంత గడుసు మనిషి!

తెనాలి

ఇంటికొచ్చిన రోజే మరచెంబు కథంతా మావారికి చెప్పాను. పదహారు రోజులు గడిచాయి. ఫోన్లో రెంగనాయకి నుంచి కబురేమీ లేదు. అడగడానికి నోరు రాలేదు. పదిహేడో రోజు పొద్దున్న, మావారు పేపరు చదువుతుంటే, ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. తెరిస్తే మాటల్లేవు. గలగలమని చప్పుడు. ఎండిన మిరపకాయలో గింజల చప్పుడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఆ తర్వాత ఆమె గొంతు. "ఇది నా పస్టు లోడు టీచరమ్మా. పాసు సేసేసినాను. మేనేజరు సారు ఇప్పుడు నా దగ్గర వస్తే వాటర్ బాటిల్ తానే తెస్తాడు."

నేను చిన్నపిల్లలా ఎగిరాను. ఏడ్చాను కూడా, దాచడమెందుకు. శేషారత్నాన్ని గోడ మీంచి పిలిచి చెప్పాను. తెనాలిలో నాకు తెలిసినవాళ్ళందరికీ ఫోన్ చేశాను. చివరికి మావారి దగ్గరికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుని, "చూశారా, ఆ ఉద్యోగం అచ్చంగా నా పాఠం వల్లే వచ్చింది" అన్నాను.

ఆయన పేపరు మడిచారు. లేచి వంటింట్లోకి వెళ్ళారు. తిరిగొచ్చి ఇత్తడి మరచెంబు నా ముందు పెట్టి, మూత కూడా ఆయనే తిప్పారు.

తాగాను. తాగాక అదే మాట మళ్ళీ అనలేకపోయాను.